వృత్తి నిపుణుల సంఘ సభ్యత్వం - రుసుము చెల్లించే యాజమాన్యానికి ఒనగూడే ప్రయోజనం
(ప్రత్యేక వ్యాసం: కరీంనగర్, ఆదిలాబాద్ పారిశ్రామిక ప్రాంతం)

గోదావరి నదికి ఇరువైపులా విస్తరించిన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దక్షిణ భారతదేశానికి బొగ్గును, విద్యుత్తును అందిస్తున్న ముఖ్య పారిశ్రామిక ప్రాంతం. రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి ఏరియాల సింగరేణి గనులు, రామగుండంలోని ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రం, జైపూర్‌లోని 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం, రామగుండం ఎరువుల కర్మాగారం, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు, బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు కర్మాగారాలు, కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలోని వైద్య కళాశాలలు ఇక్కడి వేలాది కుటుంబాలకు జీవనాధారం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ సంస్థలు పెద్దపల్లి, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వంటి కొత్త జిల్లాల పరిధిలోకి వచ్చినప్పటికీ, వృత్తి జీవనం దృష్ట్యా ఇది నేటికీ ఒకే ప్రాంతం.

ఈ సంస్థలలో పనిచేసే ఇంజనీర్లు, వైద్యులు, నర్సులు, రసాయన శాస్త్రజ్ఞులు, గణాంకాధికారులు తమ తమ వృత్తికి సంబంధించిన జాతీయ సంఘాలలో సభ్యులుగా చేరినప్పుడు ఆ రుసుమును ఎవరు భరించాలి అన్నది తరచుగా తలెత్తే ప్రశ్న. ఉద్యోగి హోదా పెరిగేది ఉద్యోగికే కదా, యాజమాన్యం ఎందుకు చెల్లించాలి అన్న అభ్యంతరం ఆర్థిక విభాగాల నుండి సహజంగానే వస్తుంది. దేశంలోని పలు ప్రభుత్వరంగ సంస్థలు ఈ రుసుమును తిరిగి చెల్లించే పద్ధతిని పాటిస్తున్నాయి. చాలా చిన్న, మధ్యతరహా సంస్థలకు మాత్రం ఇటువంటి నిబంధన లేదు. ఈ వ్యయం వల్ల యాజమాన్యానికి కలిగే లాభమేమిటి, ఏ షరతులతో అది లాభదాయకమవుతుంది, ఎక్కడ దుర్వినియోగానికి ఆస్కారమున్నది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఏది వృత్తి నిపుణుల సంఘం, ఏది కాదు

తెలంగాణలో 'వృత్తి సంఘం' అనగానే చేనేత, గీత, మత్స్య కార్మికుల సహకార సంఘాలు స్ఫురిస్తాయి. 'ఉద్యోగ సంఘం' అనగానే ఎన్.జి.వో.ల సంఘమో, గనులలోని కార్మిక సంఘమో గుర్తుకు వస్తుంది. ఇక్కడ ప్రస్తావిస్తున్నది వాటి గురించి కాదు. ఒక శాస్త్రంలోనో, సాంకేతిక రంగంలోనో శిక్షణ పొందినవారు తమ జ్ఞానాన్ని పెంపొందించుకొనేందుకు, నైతిక ప్రమాణాలను నిర్దేశించుకొనేందుకు ఏర్పరచుకొన్న సంస్థల గురించి.

ఈ సంప్రదాయం 1818లో లండన్‌లో ఏర్పడిన సివిల్ ఇంజనీర్ల సంస్థతో రూపుదిద్దుకొన్నది. మన దేశంలో గనుల రంగానికి సంబంధించి 1906లో కలకత్తాలో ఏర్పడిన సంస్థయే నేటి మైనింగ్, జియాలాజికల్ అండ్ మెటలర్జికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) 1920లో ఏర్పడి, 1935లో రాయల్ చార్టర్ పొందినది. మైనింగ్ ఇంజనీర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1957లో ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. కాగితపు పరిశ్రమకు 1964లో ఏర్పడిన ఇండియన్ పల్ప్ అండ్ పేపర్ టెక్నికల్ అసోసియేషన్, నర్సులకు 1908 నుండి పనిచేస్తున్న ట్రైన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, వైద్యులకు 1928లో ఏర్పడిన ఇండియన్ మెడికల్ అసోసియేషన్, కంప్యూటర్ నిపుణులకు 1965లో ఏర్పడిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా ఈ కోవకు చెందినవే.

అధికారులు మూడు రకాల సభ్యత్వాలను విడివిడిగా గుర్తించవలసి ఉంటుంది.

మొదటిది చట్టబద్ధమైన నమోదు. వైద్య మండలి, నర్సింగ్ మండలి, 1948 నాటి ఫార్మసీ చట్టం కింద ఏర్పడిన ఫార్మసీ మండలి, 1949 నాటి చట్టం కింద ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఇందులోకి వస్తాయి. ఈ నమోదు లేనిదే వృత్తి నిర్వహణకు అర్హత లేదు.

రెండవది స్వచ్ఛంద వృత్తి సంఘ సభ్యత్వం. పైన పేర్కొన్న ఇంజనీర్ల, గని ఇంజనీర్ల, నర్సుల సంఘాలు ఈ రకానివి. సభ్యత్వం లేకున్నా ఉద్యోగం చేయవచ్చు. ఈ వ్యాసంలోని చర్చ ప్రధానంగా దీని గురించే.

మూడవది కార్మిక సంఘ సభ్యత్వం. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం కాలం నుండి దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది. సింగరేణిలో 1998 నుండి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. ఈ సంఘాల చందాను యాజమాన్యం చెల్లించుట తగదు. కార్మిక సంఘానికి యాజమాన్యం ఆర్థికంగా మద్దతునిచ్చుటను 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అనుచిత కార్మిక విధానాల జాబితాలో చేర్చినది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే సూత్రాన్ని కొనసాగించినది. యాజమాన్యంతో బేరమాడవలసిన సంఘం యాజమాన్యం సొమ్ముతో నడవరాదన్నది దీని సారాంశం. వృత్తి నిపుణుల సంఘం వేతనాల గురించి బేరమాడదు గనుకనే దాని రుసుమును యాజమాన్యం చెల్లించవచ్చు. ఏదైనా సంఘం రెండు పాత్రలనూ పోషిస్తున్నట్లయితే దానిని ఆమోదిత జాబితాలో చేర్చేముందు న్యాయసలహా తీసుకొనుట మంచిది.

భద్రత: అన్నింటికన్నా ముందు లెక్కించవలసిన లాభం

ఈ ప్రాంతంలో వృత్తి జ్ఞానానికి ఉన్న విలువను రూపాయలలో మాత్రమే కొలవలేము. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో గోదావరిఖని 8-ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలిన ఘటనలో ముగ్గురు మరణించగా, వారిలో అధికారులు కూడా ఉన్నారు.

గనులలోకి నీరు చొచ్చుకువచ్చే ప్రమాదం మన దేశానికి కొత్తది కాదు. ధన్‌బాద్ ప్రాంతంలో 1975లో చాస్‌నాలాలో 375 మంది, 1995లో గజ్లీటాండ్‌లో 64 మంది, 2001లో బాగ్‌డిగీలో 29 మంది ఇదే రకమైన ప్రమాదాలలో మరణించారు. పాత గనుల పటాలలోని లోపాలు, రెండు గనుల మధ్య వదలవలసిన అడ్డుగోడ మందం, నిలిచిన నీటి ఒత్తిడి, వర్షాకాలపు వరద మట్టం అన్నవి దేశంలోని ప్రతి బొగ్గు క్షేత్రంలోనూ గని అధికారి పరిశీలించవలసిన విషయాలు. ఒక క్షేత్రంలో నేర్చిన పాఠం మరొక క్షేత్రానికి చేరే మార్గాలు పరిమితం. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ సర్క్యులర్లు ఒక మార్గం. 1958లో మొదలైన జాతీయ గనుల భద్రతా సదస్సు మరొక మార్గం. మూడవది వృత్తి సంఘాల సమావేశాలు, పత్రికలు.

ఈ మూడింటిలో మూడవదానికి ఒక ప్రత్యేకత ఉన్నది. సర్క్యులర్ నిబంధనను తెలుపుతుంది. దానిని అమలుపరచడంలో ఎదురైన ఇబ్బందిని, దాదాపు ప్రమాదమై తప్పిపోయిన ఘటనను, యంత్రం పనితీరులో కనిపించిన తొలి సూచనను ఒక గని అధికారి మరొక గని అధికారికి చెప్పుకొనేది వృత్తి సమావేశంలోనే. సభ్యత్వం ఉన్నంత మాత్రాన ప్రమాదాలు జరగవని చెప్పడానికి వీలు లేదు. కాని ఇతరుల అనుభవం అందుబాటులో లేని అధికారి కేవలం తన అనుభవంపై ఆధారపడవలసి వస్తుంది. గనిలో అనుభవానికి చెల్లించే మూల్యం చాలా ఎక్కువ.

మరొక అంశం వృత్తి ధర్మం. ఇంజనీర్ల సంస్థలు తమ సభ్యులకు నైతిక నియమావళిని నిర్దేశిస్తాయి. ఉత్పత్తి లక్ష్యం ఒకవైపు, భద్రతా నిబంధన మరొకవైపు లాగుతున్నప్పుడు "ఈ స్థితిలో పని కొనసాగించరాదు" అని లిఖితపూర్వకంగా చెప్పగల అధికారి సంస్థకు భారం కాదు, రక్షణ. తన మాటకు వెనుక ఒక వృత్తి ప్రమాణం ఉన్నదని తెలిసిన అధికారి ఆ మాటను చెప్పగలుగుతారు. దీర్ఘకాలంలో ఆ మాట విన్న యాజమాన్యమే లాభపడుతుంది.

దూరం తగ్గించే సాధనం

కరీంనగర్ నుండి హైదరాబాదుకు సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాదు నుండి సుమారు 300 కిలోమీటర్లు. రాజధానిలోని ఇంజనీరు సాయంత్రం కార్యాలయం నుండి నేరుగా వెళ్లి వినగలిగే సాంకేతిక ఉపన్యాసానికి బెల్లంపల్లిలోని ఇంజనీరు రెండు రోజులు వెచ్చించవలసి వస్తుంది. వృత్తిపరమైన ఏకాంతం ఈ ప్రాంత సంస్థలకు అసలైన సమస్య. క్వార్టర్లు, పాఠశాల, ఆసుపత్రి కల్పించినా, తన రంగంలో వెనుకబడిపోతున్నానన్న భావన కలిగిన యువ ఉద్యోగి బదిలీనో, మరొక ఉద్యోగాన్నో వెతుక్కుంటారు.

ఈ ఏకాంతాన్ని తగ్గించే మార్గాలలో సభ్యత్వం చవకైనది. పత్రిక ఇంటికి వస్తుంది. అంతర్జాల ఉపన్యాసాలు అందుబాటులోకి వస్తాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, ఇతర సంస్థలలోని సమాన హోదా గలవారితో పరిచయం ఏర్పడుతుంది. విద్యుత్ కేంద్రంలో అరుదైన లోపం తలెత్తినప్పుడు, యంత్ర తయారీదారు ప్రతినిధి వచ్చేలోగా, అదే రకం యంత్రాన్ని నడుపుతున్న మరొక కేంద్రంలోని ఇంజనీరుకు ఫోను చేసి అడగగలిగితే నష్టపోయే గంటలు తగ్గుతాయి. 2,600 మెగావాట్ల రామగుండం కేంద్రం వంటి చోట ఒక యూనిట్ ఒక్కరోజు నిలిచిపోతే వాటిల్లే నష్టంతో పోల్చినప్పుడు ఒక విభాగంలోని ఇంజనీర్లందరి వార్షిక రుసుము స్వల్పమే.

ఎన్.టి.పి.సి. తన సంస్థలో విభాగాలవారీగా 'ప్రొఫెషనల్ సర్కిళ్ల'ను ఏర్పాటు చేసి, ఒకే విభాగం ఉద్యోగులు క్రమం తప్పకుండా సమావేశమై కొత్త విషయాలను చర్చించుకొనే పద్ధతిని ప్రవేశపెట్టినది. సంస్థ లోపలి ఇటువంటి వేదికకు, బయటి సంఘ సభ్యత్వానికి పొత్తు కుదిరినప్పుడు ప్రయోజనం రెట్టింపవుతుంది. బయట విన్నది లోపల చెప్పబడుతుంది. ఒకరి రుసుముతో పది మందికి విషయం చేరుతుంది.

డిప్లొమా ఉద్యోగికి ఎదుగుదల మార్గం

ఈ ప్రాంతంలో ఒక తరం ఉద్యోగులకు ఇంజనీర్ల సంస్థ సభ్యత్వమంటే ప్రధానంగా ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షయే. పాలిటెక్నిక్ డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవారు షిఫ్టు డ్యూటీలు చేస్తూనే ఆ సంస్థ నిర్వహించే సెక్షన్ 'ఎ', సెక్షన్ 'బి' పరీక్షలు ఉత్తీర్ణులై, ఇంజనీరింగ్ పట్టాతో సమానమైన గుర్తింపును పొందగలిగేవారు. కళాశాలకు వెళ్లేందుకు ఉద్యోగాన్ని వదులుకోలేని గ్రామీణ కుటుంబాలవారికి ఇది విలువైన అవకాశం.

ఈ విషయంలో ఒక ముఖ్యమైన మార్పును అధికారులు గమనించవలసి ఉన్నది. 2013 మే 31 వరకు నమోదైన అభ్యర్థులకే ఈ సమానార్హత గుర్తింపు వర్తిస్తుంది. ఆ తేదీ తరువాత చేరినవారి సభ్యత్వాన్ని పదోన్నతికి పట్టాగా పరిగణించే ముందు నిబంధనలను పరిశీలించాలి. రుసుము తిరిగి చెల్లించే సంస్థలు సైతం ఈ సంగతిని ఉద్యోగులకు ముందుగానే తెలియజేయుట న్యాయం. సభ్యత్వం వల్ల లభించేది జ్ఞానం, సంబంధాలు, వృత్తి హోదా. అది పట్టాకు ప్రత్యామ్నాయం అన్న అపోహ కలిగించరాదు.

ఆసుపత్రులు: రుసుము ఎవరు చెల్లిస్తున్నారన్నదే ప్రశ్న

కరీంనగర్‌లోని ప్రైవేటు వైద్య కళాశాలలు, ఆదిలాబాదులో 2008లో ప్రారంభమైన రిమ్స్ ఏర్పడిన తరువాత ఈ ప్రాంతంలో వైద్య నిపుణుల సంఖ్య పెరిగినది. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం వైద్యులు ప్రతి ఐదేళ్లకు కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్యను పొందవలసి ఉన్నది. ఇందుకు వృత్తి సంఘాల సదస్సులే ప్రధాన ఆధారం.

సదస్సుకు రుసుము, ప్రయాణం, వసతి కావాలి. ఆసుపత్రి చెల్లించకపోతే, స్వయంగా చెల్లించలేని యువ వైద్యుని ముందుకు ఔషధ కంపెనీ ప్రతినిధి వచ్చే అవకాశమున్నది. 2009లో ఆ నియమావళికి చేర్చిన సవరణ ఔషధ కంపెనీల నుండి వైద్యులు బహుమతులు, ప్రయాణ సౌకర్యాలు స్వీకరించుటను నిషేధించినది. నిషేధం ఒక్కటే చాలదు. నిజాయితీ మార్గం కూడా అందుబాటులో ఉండాలి. ఆసుపత్రి యాజమాన్యం సభ్యత్వ రుసుమును, సంవత్సరానికి ఒక సదస్సు ఖర్చును భరించినట్లయితే వైద్యుడు వ్రాసే మందుల చీటీపై బయటి ప్రభావం పడేందుకు ఒక కారణం తగ్గుతుంది. దీని వల్ల లాభపడేది ఆసుపత్రి ప్రతిష్ఠ, అంతిమంగా రోగి.

నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టుల విషయంలో ఈ సౌకర్యం మరింత అరుదు. వైద్యునికి రుసుము చెల్లించి నర్సుకు చెల్లించని ఆసుపత్రి తన ఐ.సి.యు. భద్రతలో సగాన్నే పట్టించుకొన్నట్లు అవుతుంది.

శిక్షణ పొంది వెళ్లిపోతే?

యాజమాన్యాల ప్రధాన భయం ఇది. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త గ్యారీ బెకర్ 1964లో ప్రచురించిన గ్రంథంలో ఈ సమస్యను విశ్లేషించారు. ఒక సంస్థకే ఉపయోగపడే శిక్షణ, అన్ని సంస్థలకూ ఉపయోగపడే శిక్షణ అని ఆయన రెండుగా విభజించారు. రెండవ రకం శిక్షణ పొందిన ఉద్యోగి ఎక్కడికైనా వెళ్లగలరు గనుక, పోటీ గల ఉద్యోగ విపణిలో దాని ఖర్చును ఉద్యోగియే భరిస్తారని ఆయన వాదన. దీని ప్రకారం వృత్తి సంఘ రుసుమును యాజమాన్యం చెల్లించరాదు.

అయితే వాస్తవంలో అనేక సంస్థలు చెల్లిస్తున్నాయి. 1990ల చివరలో డారన్ అసిమోగ్లు, యోర్న్-స్టెఫాన్ పిష్కె దీనికి వివరణ ఇచ్చారు. ఉద్యోగం మారడంలో ఆటంకాలు ఉన్నప్పుడు, ఉద్యోగి నిజమైన సామర్థ్యం ప్రస్తుత యాజమాన్యానికే ఎక్కువగా తెలిసినప్పుడు, సార్వత్రిక శిక్షణ వల్ల కలిగే లాభంలో కొంత భాగం ఆ యాజమాన్యానికే మిగులుతుందని వారు చూపించారు.

ఈ వాదన మన ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. గోదావరిఖనిలోనో, కాగజ్‌నగర్‌లోనో ఇల్లు కట్టుకొని, పిల్లలను చదివిస్తున్న ఉద్యోగి స్వల్ప జీతభేదం కోసం ఊరు విడిచి వెళ్లరు. వెళ్లే ఉద్యోగి సభ్యత్వం ఉన్నా లేకున్నా వెళతారు. ఉండిపోయేవారిలో జ్ఞానం పెరగడం, పెరగకపోవడం అన్నదే యాజమాన్యం నిర్ణయించగలిగేది.

మూతపడిన కర్మాగారాల చరిత్ర మరొక కోణాన్ని చూపుతుంది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, ఆర్.ఎఫ్.సి.ఎల్. పేరిట 2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభించినది. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో నిలిచిపోయి 2018లో పునఃప్రారంభమైనది. కర్మాగారం మూతపడినప్పుడు గుర్తింపు కార్డు, హోదా, క్వార్టరు పోతాయి. ఉద్యోగి వద్ద మిగిలేది వృత్తి, వృత్తిబంధువుల పరిచయం మాత్రమే. తిరిగి తెరిచే యాజమాన్యానికి సైతం ఆ రంగంలో అనుభవజ్ఞులు ఎక్కడున్నారో తెలుసుకొనేందుకు వృత్తి సంఘాల వంటి వేదికలు ఉపకరిస్తాయి. ఒక ప్రాంతంలో నైపుణ్యం నిలిచి ఉండుట ఆ ప్రాంతంలోని యాజమాన్యాలందరికీ ఉమ్మడి ఆస్తి.

చెల్లింపు పద్ధతి: నిబంధనలలో ఉండవలసినవి

ప్రభుత్వరంగ సంస్థల కార్యనిర్వాహక ఉద్యోగులకు 2008 నవంబరులో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల విభాగం జారీ చేసిన ఉత్తర్వులు, మూల వేతనంలో 50 శాతం మించకుండా తమకు నచ్చిన సౌకర్యాలను ఎంచుకొనే 'కెఫెటేరియా' పద్ధతిని ప్రవేశపెట్టినవి. 2017 ఉత్తర్వులు ఈ పరిమితిని 35 శాతంగా నిర్ణయించినవి. వృత్తి సంఘ రుసుమును ఇటువంటి వ్యక్తిగత సౌకర్యాల జాబితాలో చేర్చితే ఉద్యోగి దానిని ఇతర అవసరాలతో తూకం వేసి వదిలివేసే అవకాశమున్నది. సంస్థ అవసరం కోసం ఆశిస్తున్న సభ్యత్వమైనట్లయితే దానిని శిక్షణ వ్యయంగా, విడిగా చూపుట సముచితం.

కొత్తగా నిబంధనలు రూపొందించుకొనే సంస్థలకు ఈ క్రింది అంశాలు ఉపయోగపడగలవు.

1. ఆమోదిత సంఘాల జాబితాను ప్రకటించాలి. బ్రిటన్‌లో పన్నుల శాఖ 'లిస్ట్ 3' పేరిట ఆమోదిత వృత్తి సంస్థల పట్టికను బహిరంగంగా ప్రచురిస్తుంది. జాబితా ముందే ఉన్నప్పుడు వ్యక్తిగత సిఫారసులకు తావుండదు.

2. చట్టబద్ధమైన నమోదు రుసుము, స్వచ్ఛంద సభ్యత్వ రుసుము వేర్వేరు పద్దులలో చూపాలి. కార్మిక సంఘ చందా, వినోద క్లబ్బుల రుసుము ఈ పద్దులోకి రాకూడదు.

3. ఒక్కొక్క ఉద్యోగికి ఎన్ని సంఘాలు, ఎంత గరిష్ఠ మొత్తం అన్నది హోదాతో నిమిత్తం లేకుండా నిర్ణయించాలి. ఓవర్‌మన్, సర్వేయర్, ఫోర్‌మన్, నర్సు వంటివారిని మినహాయించరాదు.

4. మొదట ఉద్యోగి చెల్లించి, రశీదు సమర్పించిన పిదప తిరిగి చెల్లించే పద్ధతి అధికారులకు సరిపోతుంది. తక్కువ జీతం గలవారికి సంస్థయే నేరుగా సంఘానికి చెల్లించుట మేలు.

5. జీవితకాల సభ్యత్వమైనట్లయితే మొత్తాన్ని ఒకేసారి గాక కొన్ని సంవత్సరాలకు విభజించి చెల్లించవచ్చు. స్వల్ప మొత్తాలకు బాండు వ్రాయించుకొనుట వల్ల ప్రయోజనం కన్నా కాగితపు పని ఎక్కువ.

6. పునరుద్ధరణకు ఒకే షరతు ఉండాలి: ఆ సంవత్సరం ఉద్యోగి సభ్యత్వాన్ని ఉపయోగించుకొన్నట్లు ఆధారం. ఒక సమావేశానికి హాజరు, ఒక పత్రం సమర్పణ, లేదా తోటి ఉద్యోగులకు ఒక ప్రసంగం చాలును.

7. సదస్సుకు వెళ్లివచ్చినవారు ఒక పేజీ నివేదికను విభాగానికి అందజేయాలి. గనులలో దానిని భద్రతా సమావేశంలో చదివి వినిపించవచ్చు.

8. పన్ను విషయంలో, పూర్తిగా వ్యాపార అవసరం కోసమే చేసిన ఖర్చు అని చూపగల రికార్డులు ఉంచాలి. ఉద్యోగి విధులకు, సంఘం లక్ష్యానికి గల సంబంధాన్ని మంజూరు ఉత్తర్వులోనే పేర్కొనుట మంచిది.

దుర్వినియోగానికి ఆస్కారం

ఈ విధానంలో లోపాలు లేకపోలేదు. పేరు పక్కన అక్షరాలు చేర్చుకొనుట కోసమే సభ్యత్వం తీసుకొని, పత్రికను విప్పకుండానే అటకపై పడవేసేవారు ఉంటారు. సదస్సు పేరిట విహారయాత్రకు వెళ్లివచ్చే అలవాటు కూడా తెలియనిది కాదు. సంఘం ఎన్నికలలో పోటీ చేసే ఉన్నతాధికారి తన కింది ఉద్యోగులను సభ్యులుగా చేర్పించుట మరొక ప్రమాదం. అందువల్ల సభ్యత్వం పూర్తిగా స్వచ్ఛందంగా ఉండాలి. చేరకపోవుటను వార్షిక మదింపు నివేదికలో లోపంగా చూపరాదు.

సంఘాల బాధ్యత కూడా ఉన్నది. కార్యక్రమాలన్నీ మహానగరాలలోనే జరిపి, మంచిర్యాల, గోదావరిఖని, కాగజ్‌నగర్ సభ్యుల నుండి రుసుము మాత్రం వసూలు చేయుట సమంజసం కాదు. సమావేశ మందిరం, వసతి సమకూర్చగల పెద్ద సంస్థలు ఈ ప్రాంతంలో ఉన్నందున, సంవత్సరంలో కొన్ని కార్యక్రమాలనైనా ఇక్కడ నిర్వహించాలని యాజమాన్యాలు సంఘాలను కోరవచ్చు. బాసరలోని ట్రిపుల్ ఐటీ, మంథని, జగిత్యాల జిల్లాలోని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు, అధ్యాపకులు పాల్గొన్నట్లయితే పరిశ్రమకు రేపటి ఉద్యోగులతో పరిచయం కూడా ఏర్పడుతుంది.

సారాంశం

వృత్తి సంఘ సభ్యత్వ రుసుమును చెల్లించే యాజమాన్యం ఉద్యోగికి బహుమానం ఇవ్వడం లేదు. సంస్థకు బయటి ప్రపంచంలోకి ఒక కిటికీని తెరుస్తున్నది. అందులో నుండి ఇతరుల అనుభవం, కొత్త ప్రమాణం, ఆపదలో పలికే పరిచయం లోపలికి వస్తాయి. నిబంధనలు స్పష్టంగా ఉండి, కింది స్థాయి ఉద్యోగికి కూడా వర్తించి, నేర్చినది పదిమందికి చేరినప్పుడే ఈ వ్యయం సార్థకమవుతుంది. భూగర్భంలో, బాయిలర్ల వద్ద, ఆపరేషన్ థియేటర్లలో ఇతరుల ప్రాణాలకు బాధ్యత వహించే ఉద్యోగులు అధికంగా గల కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో ఈ రుసుమును పొదుపు చేయదగిన ఖర్చుగా గాక భద్రతా వ్యయంలో భాగంగా పరిగణించుట ఉచితం.